మాత్ర ఇచ్చే ముందు అన్నం సంగతి అడగండి

నేను చెబుతున్నాను, ఎదురింటి టీచరమ్మ రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు. అంకెలు వచ్చు. బస్సు మీద ఊరి పేరు తమిళంలో ఉంటే కూడబలుక్కుని చదువుతాను. అంతకు మించి రాదు. ఊరు తమిళ ఊరు, తెలుగు మా ఇంట్లో మాట్లాడే మాట. దాని అక్షరం ఎలా ఉంటుందో మా అమ్మ చూడలేదు, వాళ్ళమ్మా చూడలేదు. అయినా ముప్పై ఏళ్ళు మంచం పట్టినవాళ్ళకు నా చేత్తోనే మందులిచ్చాను. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదని మొన్ననే మానేశాను.

ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసుకునే ఈ పనిలోకి ఇప్పుడు చాలామంది అమ్మాయిలు వస్తున్నారు. పంపించేవాళ్ళు నాలుగు రోజులు నేర్పి, ఒక కోటు తొడిగి పంపేస్తారు. పాపం, వాళ్ళలో కొందరు మా ముత్తియాల్‌పేట వీధిలో నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఎట్లా చెయ్యాలక్కా అని అడుగుతారు. వాళ్ళ కోసం చెబుతున్నాను. నన్ను పొగిడినవాళ్ళ సంగతి చెప్పను. పొగడ్త వల్ల నేనేమీ నేర్చుకోలేదు.

చిన్న పనిలా కనిపించేది

ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, అన్నం తినిపించడం, దొడ్డికి తీసుకుపోవడం. ఇవి పెద్ద పనులని అందరూ అనుకుంటారు. మాత్ర ఇవ్వడం చిన్న పని అనుకుంటారు. మాత్ర, గ్లాసుడు నీళ్ళు, అంతే కదా అని. కాదు. పక్క మార్చడం ఒక పూట మరిచిపోతే వీపు కందుతుంది, మర్నాడు చూసుకుని సరిచేసుకోవచ్చు. మాత్ర తప్పితే కొన్నిసార్లు ఆ మర్నాడు ఉండదు.

ఇది నాకు ముందు తెలిసింది మా ఇంట్లోనే. మా ఆయన మిల్లులో పనిచేసేవాడు. దగ్గు పట్టుకుంటే ఆసుపత్రిలో ఆరు నెలలకు మాత్రలు రాసిచ్చారు. రెండు నెలలకు దగ్గు తగ్గింది. కడుపులో మండుతోంది, ఇంక చాల్లే అని ఆయన మానేశాడు. దగ్గు లేనప్పుడు మందెందుకు అని నేనూ అనుకున్నాను. మిగిలిన మాత్రలను డబ్బాలో పోసి అటక మీద పెట్టింది నేనే. దగ్గు మళ్ళీ వచ్చింది, ఈసారి పాత మందుకు లొంగలేదు. ఆయన పోయేనాటికి నాకు ముప్పై నిండలేదు. నువ్వేం చేస్తావమ్మా, నీకు తెలియదు కదా అని అందరూ ఓదార్చారు. తెలియకపోవడం నిజమే. అడగకపోవడం కూడా నిజమే.

ఫిలోమినా సిస్టర్

తరువాత ఒక నర్సింగ్ హోమ్‌లో తుడిచే పనికి చేరాను. అక్కడ పెద్ద నర్సు ఫిలోమినా సిస్టర్. ఆమె నోటికి అందరూ భయపడేవాళ్ళు. నన్ను వార్డు పనిలోకి తీసుకున్నది ఆమే. చదువు రాని దాన్ని ఎందుకు తీసుకున్నారని ఒకసారి అడిగాను. చదువొచ్చిన పిల్లలు చదివామనుకుని చదవరు, నువ్వు ప్రతిదీ అడుగుతావు, అందుకే అంది.

నేను గుడ్డ ముక్కలతో మూడు సంచులు కుట్టుకున్నాను. పొద్దుటి మాత్రల సంచి మీద పసుపు దారంతో ఒక గీత, మధ్యాహ్నానికి రెండు, రాత్రికి నల్లదారంతో మూడు. సిస్టర్ చూసి మెచ్చుకుంటుందనుకున్నాను. మెచ్చుకోలేదు. మాత్రలను అట్ట నుంచి ఒలిచి సంచిలో పోశానని తిట్టింది. అట్ట మీద పేరుంటుంది, ఎప్పటిదాకా పనిచేస్తుందో ఆ తేదీ ఉంటుంది, నీకు చదవడం రాకపోయినా చదవగలిగినవాళ్ళకు చూపించాలంటే అట్ట ఉండాలి కదా అంది. అప్పటినుంచి అట్టతో సహా పెట్టాను. పేరున్న కొసను చివరిదాకా కత్తిరించను. అటువైపు మాత్ర ఆఖరున తీస్తాను.

ఆమె నేర్పిన ఇంకో సంగతి కూడా చెబుతాను. గోరిమేడులో రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయనను చూసుకునేదాన్ని. నిలబడితే తల తిరిగి పడిపోయేవాడు. వయసు అనుకున్నారు. సిస్టర్ నేర్పినట్టు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక పళ్ళెంలో పోసుకుని, చీటీలతో సహా మందుల షాపతనికి చూపించాను. ఆసుపత్రిలో ఉత్త కాగితం కవరులో ఇచ్చిన తెల్లమాత్ర, షాపులో కొన్న గులాబీమాత్ర, రెండూ ఒకే బీపీ మందు. ఆయన నెలగా రెండూ మింగుతున్నాడు. ఎవరి తప్పూ అనలేం. ఇద్దరు డాక్టర్లు ఎవరి మందు వాళ్ళు రాశారు, రెండో డాక్టరుకు మొదటి చీటీ ఎవరూ చూపించలేదు. అందుకే రంగును నమ్మకండి. పెట్టె మారితే, రంగు మారితే, మాత్ర చేతిలోనే పెట్టుకుని అడగండి. అడిగితే చులకనైపోతామని ఈ కాలం పిల్లలకు ఒక భయం. చులకనైనవాళ్ళు బతికే ఉంటారు.

ఇవన్నీ తెలిసినదాన్నే నేను. అయినా రంగనాయకమ్మగారి విషయంలో తప్పు చేశాను. మీకు గట్టిగా చెప్పాలనుకున్నది దాని గురించే.

ఎనిమిది గంటల మాత్ర

రంగనాయకమ్మగారిది ముత్తియాల్‌పేటలోనే పాత ఇల్లు. మా మాదిరే ఎన్నో తరాల కిందట తెలుగు సీమ నుంచి వచ్చిన కుటుంబం. కొడుకుకు ఇనుప సామాన్ల షాపు. కోడలు విమల ఆఫీసు ఉద్యోగి. పెద్దామెకు డెబ్బై దాటింది, సుగరు, మోకాళ్ళ నొప్పులు. పగలు ఆమెను చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. నాలుగేళ్ళు చేశాను అక్కడ. ఆమె నన్ను తిట్టని రోజు లేదు, నేను ఒక రోజు పోకపోతే అన్నం సయించేదీ కాదు.

పొద్దున ఎనిమిదికి సుగరు మాత్ర, ఎనిమిదిన్నరకు టిఫిను. డాక్టరు చెప్పింది అదే. నేను ఆ ఎనిమిదిని ఎన్నడూ తప్పలేదు. ఆదిలక్ష్మక్క మాత్ర ఇచ్చిందంటే గడియారం సరిచేసుకోవచ్చు అని విమల నవ్వేది. అది వింటే నాకు గర్వంగా ఉండేది. దాచడమెందుకు, చాలా గర్వంగా ఉండేది.

తమిళుల పెరటాసి నెల వచ్చింది. ఆ నెల శనివారాలు మా వాళ్ళ ఇళ్ళల్లో పెరుమాళ్ళకు తళిగ వేస్తారు. అరిటాకు మీద చక్కెర పొంగలి, పులిహోర, వడ, పానకం అన్నీ పెడతారు. దాసరి వచ్చి శంఖం ఊది, గోవింద కొట్టి, పూజ చేసేదాకా ఇంట్లో ఎవరూ ఏమీ తినరు. పసిపిల్లలకు పాలిస్తారు, అంతే. దాసరి ఒక్కడే, ఇళ్ళు చాలా. ఒక ఇంట్లో ఆలస్యమైతే ఆ తర్వాత ఇళ్ళన్నీ ఆలస్యమే. అంతకుముందు ఏళ్ళు ఈ ఇంటికి మాత్రం పొద్దున్నే వచ్చేసేవాడు.

దాసరి ఎనిమిదిన్నరకు వస్తానన్నాడని ముందురోజు విమల చెప్పింది. నేను లెక్క వేసుకున్నాను. ఎనిమిదికి మాత్ర, ఎనిమిదిన్నరకు పూజ, వెంటనే భోజనం. సరిపోతుంది. డాక్టరును అడగాలని తోచలేదు. శనివారం ఎనిమిదికి రంగనాయకమ్మగారి చేతిలో మాత్ర పెట్టాను. ఆమె వేసుకుంది.

తొమ్మిదయింది. దాసరి రాలేదు. ఏదైనా తినండి పెద్దమ్మా అన్నాను.

"తళిగ పడక ముందు నా నోట్లో మెతుకు పడదు. కాపరానికి వచ్చినప్పటి నుంచీ పడలా. ఇప్పుడు నువ్వొచ్చి తినిపిస్తావా?"

నేను ఇంకొక మాట అనవలసింది. మాత్ర లోపలికి పోయింది పెద్దమ్మా, అది శనివారమని ఆగదు అనవలసింది. అనలేదు. పూజకు చుట్టాలు వచ్చి ఉన్నారు, నేను మొగుడు లేని దాన్ని, నిండు ఇంట్లో నా నోరెందుకు అనుకున్నాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు. నేనే పోయి వెనక వసారాలో కూర్చున్నాను. రోగిని వదిలి రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. ఈ మాట రాయి టీచరమ్మా, వదిలిపెట్టకు.

సామి వచ్చినాడన్నారు

దాసరి వచ్చేసరికి పదకొండు దాటింది. శంఖం ఊదాడు. సేగండి అనే జేగంట మోగింది. నేను లేచి గడప దాకా వచ్చాను. రంగనాయకమ్మగారు పూజ ముందు కుర్చీలో ఉంది. ఒళ్ళంతా వణుకుతోంది, తల ఊగుతోంది. ఏదో అంటోంది, మాట తెలియడం లేదు. చుట్టాల్లో ఒకామె గట్టిగా గోవిందా అంది. ఈ అమ్మకు పెరుమాళ్ళు వచ్చినాడని చెంపలు వేసుకుంది. వయసులో ఉన్నప్పుడు పెద్దామెకు ఏటా పెరటాసిలో పూనకంలో సామి వచ్చేవాడట. అందుకే అందరూ నమ్మేశారు. ఇంకొకామె దగ్గరికి పోయి, మా పాపకు సంబంధం ఈ ఏడు కుదురుతుందా సామీ అని అడిగింది. పెద్దామె ఆమె వంక చూసి ఏదో గొణిగింది. సంక్రాంతి వచ్చే తై నెలలో అన్నాడు, తై నెలలో అన్నాడు అని వాళ్ళు సంబరపడ్డారు.

నేనూ చేతులు జోడించాను. జోడించి నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను, చాలాసేపు కాదు, కాని నిలబడ్డాను.

అప్పుడు ఆమె జాకెట్టు చూశాను. పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది, జాకెట్టు వీపంతా తడిసి అతుక్కుపోయింది. పక్కకొచ్చిన విమలను చూసి ఎవరు నువ్వు అన్నట్టు చూసింది. నేను ముందుకు పోయి ఆమె పాదం పట్టుకున్నాను. మొక్కుతున్నానని అనుకున్నారు. పాదం బావిలో నుంచి తీసినట్టు చల్లగా ఉంది, చెమటతో జారుతోంది.

"అమ్మకు సుగరు దిగిపోయింది విమలా. తినకముందే మాత్ర ఇచ్చినాను. నేనే ఇచ్చినాను."

సామి ఉన్న ఒంటిని ముట్టుకోకూడదని ఒకామె నా భుజం పట్టి లాగింది. సుగరు చూసే మిషను మేడ మీద బీరువాలో ఉంది. దాన్ని వెతికే టైము లేదు. పక్కనే తళిగలో పానకం చెంబు ఉంది. నేను చెయ్యి చాపాను. విమల చెంబుకు అడ్డం వచ్చింది. ఆమె చెడ్డది కాదు, భయపడింది.

"అది ఇంకా సామికి పెట్టలేదు కదక్కా."

దాసరి సేగండి కింద పెట్టాడు. వంగి, తనే చెంబెత్తి గ్లాసులోకి పానకం పోసి నా చేతికిచ్చాడు.

"పట్టండమ్మా. మా నాయనకు ఇట్టే అయింది, మేము కర్పూరం వెలిగిస్తా కూచుంటిమి."

పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

పెద్దామెను నిటారుగా కూర్చోబెట్టాను. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తిప్పింది. పెదవి తడిపితే మింగింది. మింగుతోందని చూసుకున్నాకే కొంచెం కొంచెంగా పట్టాను. ఇది గుర్తుపెట్టుకోండి. మింగలేకపోతే, స్పృహ లేకపోతే, నోట్లో ఏమీ పోయకూడదు. నీళ్ళయినా సరే, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అప్పుడు ఉన్నపళంగా ఆసుపత్రికే.

గ్లాసు అయిపోయింది. ఇంకొకటి సగం తాగింది. పది పన్నెండు నిమిషాలకు వణుకు తగ్గింది. కళ్ళు నా మీద నిలిచాయి.

"ఏందే ఆదీ, నా జాకెట్టు ఎందుకు తడిపినావు?"

ఇల్లంతా నవ్వింది. నేను కొంగుతో ఆమె వీపు తుడుస్తున్నాను.

డాక్టరమ్మ అడిగిన మాట

బాగైపోయింది కదా, పూజ కానిచ్చి అన్నం పెడదాం అన్నారు. పెద్దామె కూడా అదే అంది. నాలుగు ముద్దలు పెట్టండి, పెట్టి వెంటనే ఆసుపత్రికి పోదాం అన్నాను. ఫిలోమినా సిస్టర్ చెప్పింది నాకు గుర్తుంది. పానకం బలం గంటసేపు, ఆ మాత్ర బలం దినమంతా. మళ్ళీ దిగుతుంది. కొడుకు నా మొహం చూసి కారు తీశాడు.

దిగింది కూడా. ఆసుపత్రిలో బల్ల మీద కూర్చోబెట్టేసరికి నుదుటి మీద మళ్ళీ చెమట. వయసులో చిన్న డాక్టరమ్మ, గబగబా సూది గుచ్చి సుగరు చూసింది. ఏం మాత్రలు వేసుకుంది, ఎప్పుడు వేసుకుంది, ఏం తింది అని తమిళంలో అడిగింది.

విమల చెప్పింది. ఎనిమిదికి మాత్ర వేసుకుని, ఎప్పటిలాగే నాలుగిడ్లీలు తిన్నారని.

డెబ్బై దాటిన సుగరు మనిషిని పదకొండు దాకా పస్తుంచామని చెప్పడానికి ఆ పిల్లకు నోరు రాలేదు. ఆఫీసులో పదిమందికి చెప్పే మనిషి, డాక్టరు ముందు సిగ్గుపడింది. నాకు అర్థమైంది. ఆ అబద్ధంలో నాకూ చోటు ఉంది. ఇడ్లీ తిన్నదంటే నేను ఇచ్చిన మాత్రలో తప్పు లేదు. నా ఎనిమిది గంటలకు మచ్చ లేదు.

డాక్టరమ్మ నొసలు చిట్లించింది. బాగా తిని కూడా ఇంత దిగిందంటే కిడ్నీ చూడాలి, తలకు స్కాను తీయాలి, మాత్ర మొత్తం మార్చాలి అంటూ రాయడం మొదలుపెట్టింది. నేను ఆ రాసే చెయ్యి చూస్తున్నాను. ఒక అబద్ధం మీద ఆమె ఎంత పని చేస్తోందో చూస్తున్నాను. రేపటి నుంచి పెద్దామె మింగబోయే మందు ఆ చీటీలో నుంచే వస్తుంది.

"అమ్మ పొద్దుటినుంచీ ఏమీ తినలేదు డాక్టరమ్మా. పూజకని పస్తు ఉంది. పస్తు ఉందని తెలిసే మాత్ర ఇచ్చినాను."

డాక్టరమ్మ రాయడం ఆపింది. నన్ను తిడుతుందని తలవంచుకున్నాను. తిట్టలేదు. ఎన్నింటికి ఇచ్చారు, ఏ మాత్ర అని అడిగింది. కొంగున కట్టుకుని తెచ్చిన అట్ట చేతికిచ్చాను. అది చూసి చీటీ కొట్టేసి వేరే రాసింది. ఇది ఒంట్లోంచి పోవడానికి టైము పడుతుంది, రేపటిదాకా ఇక్కడే ఉంచి గ్లూకోజు ఎక్కించి చూస్తాను అంది. ఇప్పుడు చెప్పారు కాబట్టి సరిపోయింది అని కూడా అంది.

బయట బెంచీ మీద విమల, నేను కూర్చున్నాం. రేపటి నుంచి నన్ను రావద్దంటుందని అనుకుంటున్నాను.  ఆమె నా వైపు చూడకుండానే అంది.

"నువ్వు చెప్పకపోతే నేను చెప్పి ఉండను అక్కా."

అంతే. నన్ను రావద్దనలేదు.

గడియారం కాదు, మనిషి

అప్పటినుంచి నేను ఏ ఇంటికి పోయినా మాత్ర చేతిలోకి తీసుకునే ముందు తిన్నారా, తినబోతున్నారా, అన్నం పొయ్యి మీద ఉందా, గిన్నెలో ఉందా అని అడిగాను. సుగరు మాత్రకైతే నా కళ్ళతో చూశాను. ఉపవాసాలు మాన్పించే అధికారం మనకు లేదు. నోములుంటాయి, శనివారాలుంటాయి, రంజాను ఉంటుంది, పరీక్షకని పరగడుపున ఉండమనే ల్యాబు వాళ్ళూ ఉంటారు. కాని ముందురోజే డాక్టరును అడగవచ్చు. ఫలానా రోజు పస్తు, మాత్ర ఏం చెయ్యమంటారు అని. ఇవ్వొద్దంటారో, తగ్గించమంటారో, అసలు పస్తే వద్దంటారో, అది వాళ్ళు చెప్పాలి. మనంతట మనం మానెయ్యకూడదు. మనంతట మనం ఇచ్చెయ్యకూడదు కూడా. టైము ముఖ్యమే. కాని నేను గడియారానికి మాత్ర ఇచ్చాను, మనిషిని చూడలేదు.

వాంతులైనా, విరేచనాలైనా, జ్వరమొచ్చి అన్నం సయించకపోయినా ఇదే సంగతి. చెమట, వణుకు, చిరాకు, తిక్కమాటలు ఉంటే సామి అనుకునే ముందు సుగరు అనుకోండి. పానకం తాగించినందుకు ఏ సామీ కోపగించుకోడు.

తరువాతి శనివారం

పెద్దామె ఇంటికొచ్చింది. పస్తు వద్దని, ఇకమీద తిన్నాకే మాత్ర అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. వారం తిరిగి మళ్ళీ పెరటాసి శనివారం వచ్చింది. ఏడున్నరకే రెండిడ్లీలు తీసుకుని ఆమె గదిలోకి పోయాను. మొహం గోడకు తిప్పుకుంది. సామి కంటే ముందు తిని, ఆ పాపం యాడ కడుక్కోవాలని అడిగింది.  నేను మాత్ర ఇవ్వలేదు. అట్ట ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చున్నాను. ఎనిమిదయింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఎనిమిది దాటిపోయింది. డాక్టరమ్మకు ఫోను చెయ్యాలని లేవబోతున్నాను.

అప్పుడు వంటింట్లో గంట మోగింది. విమల తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, చిన్న అరిటాకు ముక్కలో పిడికెడు పెరుగన్నం, ఒక వడ పెట్టుకుని వచ్చింది. దీపం పెట్టి, తనే గోవింద కొట్టి, తనే నైవేద్యం పెట్టిందట.

"దాసరి లేని తళిగ ఏందే?" అంది పెద్దామె.

"ఆయన వచ్చినప్పుడు పెద్ద తళిగ ఎట్లాగూ వేస్తాం కదత్తా. ఇది మీ కోసం. సామి రెండుసార్లు తింటే వద్దంటాడా?"

పెద్దామె కోడలి వంక చూసింది. ఆసుపత్రిలో ఆ పిల్ల చెప్పిన అబద్ధం ఆమెకు తెలుసు. కొడుకు చెప్పాడు.  ఆకు దగ్గరికి లాక్కుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను ఆమె గొంతు కదలడం చూస్తున్నాను. రెండో ముద్ద. మూడో ముద్ద.

"ఉప్పు ఎయ్యలేదు," అంది.

సామికి పెట్టేది రుచి చూడకూడదు కదా, అందుకే తెలియలేదంది విమల. పెద్దామె గొణుక్కుంటూనే ఆకు ఖాళీ చేసింది. వడ కూడా తింది. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అరచెయ్యి నా వైపు చాపింది.

"ఇయ్యి."

ఇచ్చాను.